అందరూ ‘లేదు’ అని రాసిన సర్వే

లెక్కలు చెప్పి బతికినవాణ్ణి కనుక నా తెలివితక్కువతనాన్ని కూడా లెక్క ప్రకారమే చెబుతాను. ఒక హాలు నిండా కూర్చున్న పిల్లల్ని, “చిన్నతనంలో పెద్దవాళ్ళెవరైనా మీ ఒంటిమీద వేయకూడని చోట చెయ్యి వేశారా?” అని కాగితం మీద అడిగాం. ఒక్కరు తప్పకుండా అందరూ “లేదు” అని రాశారు. నేను నమ్మాను. నమ్మి ఊరుకోక సంతోషించాను. ఆ సంతోషంలో క్యాంటీనుకు వెళ్ళి బొరుగుల మండక్కి, మిర్చి బజ్జీ తెప్పించుకుని తిన్నాను. గణాంకశాస్త్రం చదివినవాడికి నూటికి నూరు వచ్చినచోట అనుమానం రావాలి. నాకు ఆకలి వేసింది.

ఇది చదివే మీలో కొందరు రేపో మాపో ఇలాంటి కాగితాలు పట్టుకుని జనం మీద పడతారు. అందుకే ఇప్పుడు, అడిగేవాళ్ళెవరూ లేని వయసులో, నా అంతట నేనే చెప్పుకుంటున్నాను.

రాయచూరులో మాది విశ్వవిద్యాలయం వారి చిన్న పీజీ కేంద్రం. అసలు విశ్వవిద్యాలయం వేరే ఊళ్ళో ఉండేది, మేము దాని తోక. థర్మల్ స్టేషన్‌లో కొత్త యూనిట్లు లేస్తున్న కాలమది. ఆ పొగగొట్టాలు మా మేడ మీదికి చక్కగా కనబడేవి, వాటి కరెంటు మాత్రం మాకు అంత చక్కగా కనబడేది కాదు. పిల్లలు దేవదుర్గ, యరగేర, కల్మల నుంచి బస్సుల్లో వేలాడుతూ వచ్చేవారు. ప్లాంటు కాలనీ నుంచి కొందరు, తుంగభద్ర కాలువ కింద కోస్తా రైతులు వరి పండించే క్యాంపుల నుంచి కొందరు. నేను ఊళ్ళోవాణ్ణే. అమ్మ పోయాక ఉన్న రెండు గదుల్లో ఒకదానికి తాళం వేసి రెండోదానిలో ఉండేవాణ్ణి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు “సంభావ్యత తక్కువ” అని చెప్పి నవ్వించేవాణ్ణి. వాళ్ళు నవ్వుకుని వెళ్ళిపోయేవారు. జోకు వల్ల ఉన్న లాభం అదే, మనుషుల్ని మర్యాదగా పంపించేస్తుంది.

ఒకరోజు విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. బాల్యంలో లైంగిక వేధింపులు అనుభవించిన విద్యార్థులు ఎంతమంది ఉన్నారో ప్రతి కేంద్రమూ సర్వే చేసి పంపాలట. మా డైరెక్టరుగారు నన్నూ, సోషియాలజీ చెప్పే మేడమ్‌నూ పిలిచారు. మేడమ్ సింధనూరు వైపు క్యాంపు అమ్మాయి, నాకంటే పదిహేనేళ్ళు చిన్న, మొహమాటంలో పాతికేళ్ళు చిన్న.

“ఆడపిల్లలకు ఇస్తే సాలు. మగపోరగాండ్లకేంది?” అన్నారు డైరెక్టరుగారు.

“అదేంటండీ, మగపిల్లలు మాత్రం చిన్నప్పుడు చిన్నపిల్లలు కాదా?” అంది మేడమ్.

ఆయన నావైపు చూశారు. నేను ఫ్యానువైపు చూశాను. అది తిరగడం లేదు.

“సరే, అందరికీ ఇయ్యిండ్రి. మాటలు మేడమ్ సూసుకుంటది, లెక్క మీది,” అని తేల్చేశారు.

ప్రశ్నలు మేడమ్ కన్నడంలో రాసింది. ‘హౌదు’, ‘ఇల్ల’ అని, అంటే అవును, లేదు అని రెండు గళ్ళు, టిక్కు పెడితే చాలు. పేర్లు రాయవద్దు, నంబర్లు రాయవద్దు అని పైన పెద్ద అక్షరాలతో అచ్చు వేయించింది. ఇంతవరకు అంతా బాగానే ఉంది. తరువాత నేను రంగప్రవేశం చేశాను.

మా ఉద్యోగాల్లో చేతికి పట్టిన అలవాట్లు కొన్ని ఉంటాయి. ప్రాక్టికల్ రికార్డులైనా, అసైన్‌మెంట్లైనా, ఏవి తీసుకున్నా రోల్ నంబరు వరుసలో తీసుకుంటాం. ఎవరివి రాలేదో ఇట్టే తెలుస్తుంది. మేడమ్ ఆ రోజు సెలవు. పిల్లల్ని హాలులో నంబరు వరుసలో కూర్చోబెట్టి, వరుసలోనే కాగితాలు పంచి, వరుసలోనే తీసుకోమని మా అటెండరుకు నేనే చెప్పాను. ఆయన పాతకాలం మనిషి, ఉర్దూలో ఆలోచించి తెలుగులో కోప్పడేవాడు. “అరే, లైన్ మత్ తోడో! నంబర్‌వారీగా ఇయ్యిండ్రి!” అని కేకలేస్తూ వసూలు చేశాడు. ఒక్క కాగితమూ తగ్గలేదు. మొత్తం తిరగేశాను. ఇల్ల, ఇల్ల, ఇల్ల. చివరిదాకా అదే.

మండక్కి సంగతి ముందే చెప్పాను.

మూడో రోజు సాయంత్రం స్టాఫ్‌రూములో ఒక్కణ్ణే ఉన్నాను. మా ఫైనలియర్ కుర్రాడొకడు తలుపు దగ్గర నిలబడ్డాడు. దేవదుర్గ తాలూకా వాడు. తల్లీతండ్రీ పంటలు లేని నెలల్లో పనులకని పుణె వైపు వలసపోతే వీడు చుట్టాలిళ్ళలో పెరిగాడని విన్నాను. తరగతిలో నోరు విప్పేవాడు కాదు, లెక్క మాత్రం తప్పేవాడు కాదు.

“సార్, మొన్న రాసిన కాగితం… దాంట్ల నేను తప్పు రాసిన. దిద్దొచ్చునా?”

ఆ మాటతో అతను ఎంత దూరం నడిచి వచ్చాడో నాకు అర్థం కాలేదు. నాకు అర్థమైందల్లా తప్పు, దిద్దు అనే రెండు మాటలు. అవి రెండూ నా వృత్తి.

“దానికేంది, దిద్దొచ్చు. నీ రోల్ నంబర్ ఎంత?” అన్నాను.

“నంబరెందుకు సార్? నంబరు రాయొద్దన్నరు గదా.”

“కాగితం మీద లేదు లేప్పా. వరుసల ఉన్నయి గదా!” అని, నా తెలివికి నేనే మురిసిపోతూ బీరువాలోంచి కట్ట తీసి బల్లమీద పెట్టాను. “నంబర్ చెప్తే ఇప్పుడే నీది తీసి ఇస్తా.”

అతను ఆ కట్టవైపు చూశాడు, తరువాత నావైపు. పాము పుట్టలో చెయ్యి పెట్టి, కుట్టకుండానే వెనక్కి తీసుకున్నవాడి ముఖం అది.

“ఒద్దు సార్. మొదలు రాసిందే కరెక్టు,” అని వెళ్ళిపోయాడు.

తరువాత ఒక్కొక్క కాగితమూ మళ్ళీ తిరగేశాను. కొన్నింటిలో ‘ఇల్ల’ గడిలో టిక్కు కాగితం చిరిగేటంత గట్టిగా పడి ఉంది. కొన్నింటిలో ‘హౌదు’ గడిలో పెన్సిలు ఆనించి తీసేసిన చుక్క ఉంది. మొదటిసారి ఇవేవీ నా కంటికి ఆనలేదు. కన్నడంలో ‘ఇల్ల’ అంటే లేదు, తెలుగులో ఒక్క కొమ్ము తగిలిస్తే ఇల్లు. చాలామందికి ఆ రెంటికీ మధ్య అంత దూరమే ఉందని తరువాత తెలిసింది.

మర్నాడు మేడమ్‌కు జరిగింది చెప్పాను. ఆమె తల పట్టుకుంది.

“మీరు చేసింది సర్వే కాదండీ మాస్టారూ, హాజరుపట్టీ. అలా వరుసలో కూర్చోబెట్టి అడిగితే నేనైనా లేదనే రాస్తాను.”

“నేనైనా అంతే,” అన్నాను. నవ్వుతూ అన్నట్టే అన్నాను. ఆమె నవ్వలేదు.

“ఆ అబ్బాయి దిద్దుకోడానికి వచ్చాడండీ. అతని కోసమైనా మనం ఇంకోసారి అడగాల్సిందే.”

ఎలా అడగాలన్నది నాకు బస్సులో తట్టింది. ప్రభుత్వ జీతగాళ్ళకు ఎన్నికల డ్యూటీ తప్పదు. లింగసుగూరు వైపు, మాన్వి వైపు ఎన్ని పోలింగు బూతుల్లో కూర్చున్నానో! భూస్వామి ముందు చెప్పులు విడిచే మనిషి కూడా ఆ అట్టగోడ వెనక్కి వెళ్తే తన ఇష్టం వచ్చిన గుర్తు మీద ముద్ర వేసి వస్తాడు. అంత బలం ఆ అట్టముక్కది.

టీవీ అట్టపెట్టె కోసి బల్లమీద మూడు వైపులా గోడ కట్టాం. పెన్సిలుకు దారం కట్టాం. అటెండరు ఇంటినుంచి ఒక పాత రేకుపెట్టె తెచ్చి, మూతకు సందు కోయించి, తాళం వేసి లక్కముద్ర కూడా కొట్టాడు. “సాబ్, ఇప్పుడు ముఖ్యమంత్రి వచ్చినా తెరవలేడు,” అన్నాడు. చీటీలన్నీ ఒకే కొలత. కలిపి కుదిపేస్తే వాటికి వరుసా లేదు, వావీ లేదు. పిల్లలకు మేడమ్ ఒక్కటే చెప్పింది. మొదటిసారి మేం తప్పుగా అడిగాం, మీరు తప్పుగా రాయలేదు అని.

రోజంతా ఒక్కొక్కరే వచ్చారు. నేను తలుపు బయట కూర్చుని వచ్చినవాళ్ళకు గీతలు పెడుతూ పోయాను, పేర్లు లేకుండా. కొందరు లోపలికి వెళ్ళిన క్షణంలోనే బయటికి వచ్చేవారు. కొందరు ఎంతకీ వచ్చేవారు కాదు. దేవదుర్గ కుర్రాడు మధ్యాహ్నం తరువాత వచ్చాడు. నావైపు చూడలేదు. లోపల ఎంతసేపు ఉన్నాడో నాకు తెలుసు కానీ చెప్పను, అదీ ఒక రకం రోల్ నంబరే అవుతుంది.

సాయంత్రం అందరూ అయిపోయారు. మేడమ్ టీకి వెళ్ళింది. అటెండరు బీడీకి వెళ్ళాడు. గదిలో నేనూ, అట్టగోడా మిగిలాం. బల్లమీద చీటీలు ఇంకా మిగిలి ఉన్నాయి.

నా చిన్నప్పుడు మా ఇంటి ముందు వాటాలో ఒకాయన అద్దెకుండేవాడు. మా నాన్నకు స్నేహితుడు, నాకు సైకిలు నేర్పినవాడు. మంచివాడని వీధంతా పేరు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఇంతకుమించి ఇప్పుడు కూడా చెప్పలేను. అమ్మకు చెప్పలేదు, ఆమె పోయేదాకా చెప్పలేదు. ఆ వాటా గదే నేను తాళం వేసి ఉంచిన గది. యాభైకి దగ్గరపడ్డ మనిషిని, అట్టపెట్టె వెనక్కి వంగి, దారం కట్టిన పెన్సిలుతో ఒక టిక్కు పెట్టాను. చీటీ పెట్టెలో పడ్డప్పుడు చప్పుడు కూడా కాలేదు.

మర్నాడు తలుపు వేసుకుని లెక్కపెట్టాం. అటెండరు చీటీ విప్పి చదవాలి, మేడమ్ గీత పెట్టాలి, నేను సరిచూడాలి. మొదట ఆయన ఓట్ల లెక్కింపులో అరిచినట్టే “హౌదు! ఇల్ల! ఇల్ల!” అని కేకలు పెట్టాడు. పాతిక చీటీలు దాటాక గొంతు తగ్గింది. సగానికి వచ్చేసరికి పలకడం మానేసి, విప్పిన చీటీలను రెండు కుప్పలుగా పెడుతూ పోయాడు. హౌదుల కుప్ప పెరుగుతూనే ఉంది. కొందరు ఎవరన్నది కూడా రాశారు. బాబాయి, పక్కింటాయన, ట్యూషన్ మాస్టరు. ఒక చీటీ వెనక సన్నటి అక్షరాలతో, “ఇన్నాళ్ళూ నన్ను ఎవరూ అడగలేదు” అని ఉంది.

ఎంతమంది అన్నది మీకు చెప్పను. అంకె చెబితే అది ఎక్కువా తక్కువా అని మీరు తూకం వేస్తారు. ఆ పూట ఆ గదిలో అది తూకం వేసే వస్తువుగా లేదు.

“సాబ్, మీరు పెట్టిన గీతల కంటే ఒక చీటీ ఎక్కువొచ్చింది,” అన్నాడు అటెండరు. రెండుసార్లు లెక్కపెట్టాడు. “ఎవడో రెండుసార్లు ఏసిండు. రిగ్గింగ్!”

“గీత పెట్టడం మర్చిపోయుంటారు మాస్టారు,” అంది మేడమ్.

ఊరుకుంటే సరిపోయేది. ఆమె నాకు దారి ఇచ్చింది కూడా. కానీ నలభై ఏళ్ళుగా నోరు విప్పనివాణ్ణి తప్పు లెక్క దగ్గర విప్పాల్సి వచ్చింది. అది విద్యార్థుల సర్వే. విద్యార్థి కానివాడి చీటీ అందులో ఉండకూడదు.

“మర్చిపోలే. ‘హౌదు’ల నుంచి ఒకటి తీసెయ్యండి మేడమ్. అది పిల్లలది కాదు.”

అటెండరు తలకు చుట్టుకున్న రుమాలు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. ఎవరిదని మేడమ్ అడగలేదు. హౌదుల కుప్ప పైనుంచి ఒక చీటీ తీసింది, ఒక గీత కొట్టేసింది, చీటీని మడిచి నా చేతిలో పెట్టింది. అన్నీ ఒకేలా ఉన్నాయి కనుక అది నాదో, మరెవరిదో నాకు తెలియదు. జేబులో పెట్టుకున్నాను.

నివేదిక రాసి డైరెక్టరుగారి బల్లమీద పెట్టాం. ఆయన మొదటి పేజీ చదివి కళ్ళజోడు తీశారు.

“ఏంది సార్ ఇది? మొన్న అందరూ ఇల్ల అంటిరి, ఇప్పుడు గిట్ల తెస్తిరి?”

“మొన్న అడిగిన పద్ధతి తప్పుండె సార్.”

“తప్పో ఒప్పో, అది నంబర్‌వారీగ, పద్ధతిగ ఉంది. ఇదేమో చిట్టీల ఆట. పేపరోళ్ళకు తెలిస్తే ఏమైతది? ఊర్లల్ల తల్లిదండ్రులు ఆడపిల్లలను చదువుకు పంపుతరా? కష్టపడి బస్సెక్కిస్తున్నరు, ఆ బస్సు మీరే ఆపుతరా?”

ఆయన చెడ్డవాడు కాదు. ఆ భయం నిజమైనదే. కానీ ఇవి జరిగింది మా కేంద్రంలో కాదు, వాళ్ళ ఇళ్ళల్లో అని మేడమ్ ఎంత చెప్పినా ఆయన వినలేదు. ఆమెను బయటికి పంపి నాతో మెల్లగా అన్నారు: “మీరు పెద్దమనిషి. లెక్క మీది గనుక సంతకం మీదొక్కటే సాలు. మొదటిదే పంపుదం. ఒక్క కాపీ కూడ ఇది బయటికి పోవద్దు.”

నేను సంతకం పెట్టాను. ప్రమోషను ఆగుతుందనో, ఉద్యోగం పోతుందనో కాదు. ఎదురు చెప్పడం నాకు చేతకాదు, అంతే. ఎనిమిదేళ్ళప్పుడు చేతకాలేదు, ఆ రోజూ చేతకాలేదు.

“పెట్టేశారా?” అంది మేడమ్ వరండాలో.

“పెట్టిన.”

“సర్వే జనాః సుఖినో భవంతు,” అని తన గదిలోకి వెళ్ళిపోయింది. మాటలతో ఆడుకోవడం నా జబ్బు, ఆ రోజు ఆ జబ్బు నాకే ఎదురు తిరిగింది. ఆ తరువాత చాలా రోజులు స్టాఫ్‌రూములో నా టీ నేను ఒక్కణ్ణే తాగాను. అటెండరు కప్పు పెట్టి మాట్లాడకుండా పోయేవాడు. ఇంటికి వెళ్తే తాళం వేసిన గది, తాళం వేయని నేను.

ఒకనాడు బస్టాండులో దేవదుర్గ బస్సు కోసం కుర్రాడు నిలబడి ఉన్నాడు. తనే దగ్గరికి వచ్చాడు.

“సార్, మేం దిద్దిన లెక్క పోయిందా పైకి?”

అబద్ధం చెప్పవచ్చు. “పోలే,” అన్నాను. “మొదటిదే పోయింది.”

అతను కాసేపు బస్సులు వచ్చే వైపు చూశాడు. “కానీయిండ్రి సార్. మాకు అలవాటే,” అన్నాడు. బస్సు వచ్చింది. కిటికీ దగ్గర కూర్చుని కూడా నావైపు చూడలేదు. నన్ను తిట్టి ఉంటే ఆ రాత్రి నేను పడుకోగలిగేవాణ్ణి.

పరీక్షలు దగ్గరపడ్డాయి. స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్ ప్రశ్నపత్రం తయారుచేసే పని ఎప్పుడూ నాదే. ఏటా వానల కొలతలో, పత్తి దిగుబడో ఇచ్చేవాణ్ణి. కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తరువాత రాశాను. ఒక విద్యాసంస్థలో ఒకే ప్రశ్నను రెండు పద్ధతుల్లో అడిగారు, ఒకసారి వరుసలో కూర్చోబెట్టి, ఒకసారి రహస్య పెట్టె ద్వారా. ప్రశ్న ఏమిటో దాచకుండా పూర్తిగా రాశాను. కింద రెండు సర్వేల పట్టికలు, ఉన్నవి ఉన్నట్టు. బాల్యంలో వేధింపులు లేవన్న వాదన ఈ లెక్కల ముందు నిలుస్తుందో లేదో పరీక్షించి, మీ నిర్ణయాన్ని ఒక వాక్యంలో రాయండి, అని ముగించాను. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు చదివి, “మంచి ప్రశ్న, లెక్క కల్పించినట్టు లేదు,” అన్నాడు. “కల్పించలే,” అన్నాను.

హాలులో ఇరవై రెండు మంది. కాగితాలు పంచాక కాసేపు ఒక్క పెన్ను కూడా కదల్లేదు. దేవదుర్గ కుర్రాడు ప్రశ్న చదివి తలెత్తాడు. చాలా నెలల తరువాత నన్ను సూటిగా చూశాడు. నేను కూడా తల తిప్పుకోలేదు. అతను తల వంచి రాయడం మొదలుపెట్టాడు.

అతని లెక్కలో ఎప్పటిలాగే తప్పు లేదు. చివరి వాక్యం ఇంగ్లీషులో రాశాడు. ‘లేవు’ అన్న వాదన నిలవదు, తిరస్కరించాలి అని. దాని కింద గీత కూడా గీశాడు, గట్టిగా.

నియమం ప్రకారం ప్రశ్నపత్రమూ, జవాబు పత్రాలూ మూటకట్టి విశ్వవిద్యాలయానికి పంపాలి. మూట మీద పరీక్షల ముఖ్య పర్యవేక్షకుడి హోదాలో డైరెక్టరుగారు సంతకం చెయ్యాలి. అటెండరు లక్క కరిగించి ముద్రలు వేశాడు. వేస్తున్నంతసేపూ నావైపు చూడకుండా మీసాల్లో ఏదో అణుచుకున్నాడు. మూటను నేనే పట్టుకెళ్ళాను.

డైరెక్టరుగారు పెన్ను తీశారు. “ప్రాక్టికలేనా సార్? పిల్లలు బాగ రాసిన్రా?”

“అందరూ రాసిన్రు సార్. ఇరవై రెండు మందీ ఒకటే జవాబు.”

“గుడ్,” అని మూట మీద మూడు చోట్ల సంతకం చేశారు.